కుడిచేతి కట్టు

జూన్ 20

చెల్లీ,

ఫోన్ చేస్తే నేనొక్కదాన్నే మాట్లాడతాను, నువ్వు ఊఁ కొడుతూ కూర్చుంటావు. తర్వాత దేనికి ఊఁ కొట్టావో నీకే గుర్తుండదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. రేపు "నాకు చెప్పలేదక్కా" అనడానికి వీల్లేదు.

మన పొట్టికి మీ కాలేజీలోనే సీటొచ్చింది, ఆటల కోటాలో. ఆరడుగుల పిల్లని పొట్టీ అని పిలుస్తుంటే మీ పెద్ద కోచ్ పడీ పడీ నవ్వాడు. చిన్నప్పుడు పెట్టిన పేరండీ, ఇలా పెరుగుతుందని మాకేం తెలుసు అన్నాను. ఆయన మా ఇంటికి రెండుసార్లు వచ్చాడు. మైదానంలో దాని ఈటె విసురు చూశాడు, భుజం నొక్కి చూశాడు, ఏం తింటుందో అడిగాడు. మార్కుల కాగితాలు తెచ్చి బల్ల మీద పెడితే మాత్రం "అవెందుకు లెండి ఇప్పుడు" అని పక్కకి జరిపాడు. పిల్ల మీద అంత నమ్మకం!

ఫీజూ, హాస్టలూ, తిండీ అన్నీ వాళ్లవే. షరతు ఒక్కటే, పరీక్షలు తప్పకూడదు. ఒక్క సబ్జెక్టు పోయినా జట్టులోంచి తీసేస్తారు, జట్టులో లేకపోతే సీటూ లేదు. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే నా జీతంతో దాన్ని కాలేజీలో చదివించడం నా వల్ల కాదని నీకు తెలుసు. వాళ్ల నాన్న ఉండుంటే ఈపాటికి ఊరంతా చాటేవాడు. ఆయన బదులు ఆ పని నేనే చేస్తున్నాను.

నువ్వు అక్కడ ఆటగాళ్లకి పాఠాలు చెప్పే ఉద్యోగంలోనే ఉన్నావాయె. పిన్నివి కదా అని ముద్దు చేయకు, టీచరువి కదా అని తోలు తీయకు. రెంటికీ మధ్య ఎక్కడో ఉండి దాన్ని గట్టెక్కించు.

నీ అక్క


జులై 9

మాటల మూట అక్కకి,

ఊఁ. ఇదిగో, ఈసారి కాగితం మీదే కొట్టాను.

పొట్టి క్షేమంగా చేరింది. హాస్టల్ మంచం దాని కాళ్లకి చాల్లేదు, చివర ఒక పెట్టె వేసి సర్దాం. మా చదువు గది స్టేడియం మెట్ల కింద ఉంటుంది. పైన ఎవరైనా పరిగెత్తితే సున్నం రాలి పుస్తకాల మీద పడుతుంది. సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక పిల్లలంతా తడి జుట్టుతో అక్కడికొస్తారు. సగం మంది బల్ల మీద తల పెట్టి నిద్రపోతారు. మన పిల్ల నిద్రపోదు. నేనేం చెప్పినా కళ్లార్పకుండా వింటుంది. వంటామె దగ్గర్నుంచి కావలివాడి దాకా అందరికీ అప్పుడే చుట్టమైపోయింది.

ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. దానికెప్పుడైనా కళ్ల పరీక్ష చేయించావా? పుస్తకం చేతికిస్తే దగ్గరికీ దూరానికీ జరుపుతుంది, తలనొప్పి అంటుంది. "నువ్వు చదువు పిన్నీ, నేను వింటాను" అంటుంది. విన్నది మాత్రం వారం తర్వాత అడిగినా పొల్లు పోకుండా అప్పజెబుతుంది. అందుకే కళ్లేమోనని అనుమానం.

నీ చెల్లి


జులై 22

చెల్లీ,

దాని కళ్లకేమొచ్చింది? మైదానం అవతలి చివర దిగిన ఈటె గీత దాటిందో లేదో అంపైరు కంటే ముందు అదే చెబుతుంది. మూడు వారాలైందో లేదో, అప్పుడే నా బిడ్డకి వంక పెట్టావు.

వినే అలవాటంటావా, అది నా చలవే. స్కూల్లో ఉన్నప్పుడు ప్రాక్టీసు నుంచి వచ్చి వంటింటి గడప దగ్గర వెల్లకిలా పడిపోయేది. అంత అలిసిన పిల్లని చదువుకోమని ఎలా అంటాను? కూరలు తరుగుతూ నేనే పాఠం పైకి చదివేదాన్ని. నిద్రపోయిందేమోనని ఆపితే "తర్వాతేంటమ్మా?" అనేది. తెల్లారి స్కూల్లో అడిగితే గడగడా చెప్పేదట. టీచర్లంతా ముక్కున వేలేసుకునేవాళ్లు. పోటీలకి వెళ్లిన రోజుల్లో పరీక్షలు తప్పిపోతే వాళ్లే నోటితో అడిగి మార్కులు వేసేవాళ్లు. తప్పంటే నాది, నన్ను తిట్టుకో.

సరేలే, కళ్ల డాక్టరుకి చూపించు. అద్దాలు మాత్రం పెట్టించకు, విసిరేటప్పుడు జారిపోతాయి.

నీ అక్క


అక్టోబర్ 11

చెల్లీ,

మూడు నెలలుగా నీ నుంచి ఉత్తరం ముక్క లేదు. ఇవాళ పేపర్లో పొట్టి ఫొటో వేశారు, జట్టంతా వరసగా నిలబడి ఉంది. దాని కుడిచేతి మణికట్టుకి ఇంత లావు తెల్లకట్టు! ఇస్త్రీ గదిలో అందరికీ చూపించి మురిసిపోతుంటే పక్కనామె వేలు పెట్టి చూపించింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

ఫోన్ చేస్తే "ఏం లేదమ్మా" అని మాట మార్చేసింది. ఏం లేకపోతే కట్టెందుకు? అది విసిరే చెయ్యే. ఆ చెయ్యి పోతే దానికింకేముంది?

మా ఆస్పత్రి మందుల కౌంటరాయనకి ఫొటో చూపించాను. ఎంతటి వాపైనా దిగిపోతుందని మంచి మాత్రలు ఇచ్చాడు. పార్సిల్ చేసేశాను. రోజుకు రెండు, ఒక్కటి మానినా నా మీద ఒట్టే అని చెప్పాను. రోజూ సాయంత్రం ఫోన్ చేసి వేసుకున్నావా లేదా అని అడుగుతాను. అది నాతో అబద్ధం చెప్పదు, చెప్పడం దానికి చేతకాదు.

నువ్వు మాత్రం దాచకు. ఎంత దెబ్బ తగిలిందో ఉన్నదున్నట్టు రాయి.

నీ అక్క


అక్టోబర్ 18

అక్కా,

పరీక్షల వారం, ఊపిరాడటం లేదు. రెండు మాటల్లో రాస్తున్నాను.

కంగారు పడకు. చేతికి ఏమీ కాలేదు. పెద్ద దెబ్బేం కాదు. కట్టు ఈ వారం చివరికి తీసేస్తారు. మాత్రలు అవసరం లేకపోవచ్చు. కళ్లు కూడా చూపించాను, భేషుగ్గా ఉన్నాయన్నారు.

మిగతావి తీరిగ్గా రాస్తాను.

నీ చెల్లి


నవంబర్ 4

చెల్లీ,

అవసరం లేకపోవచ్చట! చూశావా మరి? నువ్వన్నట్టే వారంలో కట్టు విప్పేశారు, ఆ వెంటనే పోటీలో మొదటి పతకం. నా మాత్రల ముందు మీ కాలేజీ డాక్టర్లంతా బలాదూర్. పోటీ రోజు పొద్దున కూడా వేసుకున్నావా అని అడిగితే "వేసుకున్నానమ్మా" అంది పాపం.

"చేతికి ఏమీ కాలేదు" అని ఒక గీత, "పెద్ద దెబ్బేం కాదు" అని ఇంకో గీత రాశావు. ఏమీ కానిదానికి చిన్నా పెద్దా ఏమిటే? నేను భయపడతానని దాచావని అప్పుడే అర్థమైంది. కోపమొచ్చిన మాట నిజం. కానీ నిన్న మీ పెద్ద కోచ్ ఫోన్ చేసి, పరీక్షలన్నీ పాసైందని, నువ్వు పక్కన కూర్చుని అది చెబుతుంటే రాసిపెట్టావని చెప్పాడు. "మీ చెల్లెలు లేకపోతే కష్టమయ్యేదండీ" అన్నాడు. నిన్ను రాతిగుండెదానివని ఎన్నిసార్లు తిట్టుకున్నానో. నీ చెయ్యి చల్లగా ఉండాలి.

నీ అక్క


నవంబర్ 23

అక్కా,

ఇది చదివేటప్పుడు కూర్చో. ఎవరైనా పక్కనుంటే, వాళ్లు వెళ్లాక చదువు.

పోటీ రోజున పొట్టికి మందుల పరీక్ష చేశారు. నువ్వు పంపిన మాత్రల్లో ఉన్న మందు పోటీలప్పుడు వాడకూడనిది. ఆ మందుల పేర్లన్నీ ఒక కాగితం మీద అచ్చేసి, సీజను మొదట్లోనే ఆటగాళ్లందరికీ చదవమని ఇచ్చి సంతకం పెట్టిస్తారు. ఆ కాగితం దుస్తులు మార్చుకునే గది తలుపు మీద కూడా అంటించి ఉంటుంది. పొట్టి రోజూ దాని ముందు నుంచే మైదానంలోకి వెళుతుంది. వచ్చే నెల విచారణ. తెలిసి వాడిందని తేలితే రెండేళ్లు ఏ పోటీలోనూ అడుగుపెట్టనివ్వరు.

తెలిసి వాడలేదక్కా. అది ఆ కాగితం చదవలేదు. చదవలేదు అంటే, దానికి చదవడం రాదు.

సెప్టెంబర్లో కళ్ల డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక, గదిలో ఇద్దరమే ఉన్నప్పుడు ఒక పేరా చదవమన్నాను. తప్పించుకోవడానికి దారి లేక మొదలుపెట్టింది. అక్షరాలు తెలుసు. ఒక్కో మాటా కూడబలుక్కుంటుంది. వాక్యం చివరికొచ్చేసరికి మొదలు జారిపోతుంది, మళ్లీ మొదటికొస్తుంది. మూడుసార్లు అలా వెనక్కొచ్చి పుస్తకం మూసేసింది. "అమ్మకి చెప్పకు పిన్నీ" అంది. అందుకే నీకు ఉత్తరం రాయలేకపోయాను.

పెద్ద కోచ్‌కి చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "దానికి మా దగ్గర పద్ధతుంది లెండి" అన్నాడు. ఆ పద్ధతేమిటంటే, చెయ్యి దెబ్బతిన్న విద్యార్థికి పరీక్షలో ప్రశ్న చదివి వినిపించి, చెప్పిన జవాబు రాసిపెట్టే మనిషిని ఇవ్వొచ్చని కాలేజీ నియమం. ఎప్పుడో నిజంగా వేలు విరిగినవాడి కోసం పెట్టింది. ఇప్పుడు పరీక్షలకి వారం ముందు, చదవలేని ఆటగాళ్లందరి కుడిచేతికీ మాలిష్ చేసే అతను కట్లు కడతాడు. ఈసారి ఆరుగురికి కట్టాడు. రాసిపెట్టడం మా చదువు గది వాళ్ల పని. పొట్టి జవాబులన్నీ దాని సొంతమే, అక్షరం కూడా నేను కలపలేదు. ఆ మాటతోనే ఇన్నాళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

చెయ్యి బాగుండగా మాత్రలెందుకు వేసుకున్నావే అని అడిగాను. "కట్టు దొంగదని అమ్మకి చెప్పలేను. వేసుకున్నావా అని అడిగితే వేసుకోకుండా వేసుకున్నానని చెప్పలేను. అందుకే వేసేసుకున్నాను" అంది.

అవసరం లేకపోవచ్చని రాసిన రోజు నేను నిజం రాసుంటే ఇదంతా జరిగేది కాదు. విచారణలో నిజం చెప్పాలనే నాకుంది. కానీ దానికి నేనేమీ నేర్పలేదు. దాని మాట అదే చెప్పాలి.

నీ చెల్లి


నవంబర్ 30

నీకు,

నీ ఉత్తరం చదివి పనిలోకి వెళ్లాను. రెండు దుప్పట్లు మాడ్చేశాను. ఇన్నేళ్లలో ఒక్కటి మాడలేదు.

నా మందే నా బిడ్డకి ఎసరు పెట్టిందని ఎంత తేలిగ్గా రాశావు! నేను అడిగానా లేదా? ఉన్నదున్నట్టు రాయమని బతిమాలానా లేదా? చెప్పాల్సినప్పుడు నోరు కుట్టేసుకుని, ఇప్పుడు నిజం చెప్పాలనే ఉందంటావు. నీ మనసు నువ్వు కడుక్కుంటావు, ఆ మురికినీళ్లు మా వాకిట్లో పారబోస్తావు.

దానికి చదవడం రాదట. నేను పక్కనే కూర్చుని అన్నేళ్లు చదివితే, నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? ఈ ప్రశ్న నిన్ను కాదు అడుగుతున్నది. పొద్దున్నుంచీ నన్ను నేనే అడుగుతున్నాను.

మీ పెద్ద కోచ్ ఫోన్ చేశాడు. "చదివాను, పేరు గుర్తులేక వేసుకున్నాను" అని అది చెబితే చాలట. రెండేళ్లు ఆట ఉండదు గానీ సీటు పోకుండా చూసుకుంటానన్నాడు. చదవడం రాదంటే మాత్రం కాలేజీలో ఒక్కరోజు కూడా ఉంచరట. నువ్వేమనుకున్నా సరే, నేను ఆయన మాటే వినమని పొట్టికి చెప్పాను. మందు తిందని పదిమందీ అనుకుంటే అనుకోనీ. పద్దెనిమిదేళ్ల పిల్ల పదిమంది ముందు నిలబడి నాకు చదవడం రాదని చెప్పుకోవాలా? దాన్ని ఆ పాటుకి గురిచెయ్యకు. అక్కగా చెబుతున్నాను.

సంతకం పెట్టాలనిపించడం లేదు.


డిసెంబర్ 15

అక్కా,

విచారణ అయిపోయింది. పొట్టి నీకు ఫోన్లో ముక్తసరిగా చెప్పిందట. నేను పూర్తిగా రాస్తాను. నువ్వు చదవకుండా పక్కన పెట్టినా సరే.

గదిలో పొడుగాటి బల్ల, దాని వెనక ముగ్గురు. మధ్యలో ఒక పెద్దావిడ. కోచ్ గోడవారగా కూర్చున్నాడు, నేను సాక్షుల బెంచీ మీద. పెద్దావిడ కాగితం పొట్టి ముందు పెట్టి, "సంతకం నీదేనా అమ్మా?" అని అడిగింది.

"నాదేనండి."

"చదివే పెట్టావా?"

కోచ్ దగ్గాడు. పొట్టి అటు చూడలేదు. నీ మాట దాని చెవిలో ఉందని నాకు తెలుసు.

"లేదండి. నాకు చదవడం రాదు."

వాళ్లు ముందు అర్థం చేసుకోలేదు. "తీరిక లేక చదవలేదంటావా?" అని ఒకాయన అడిగాడు. "కాదండి. చదవడం రాదు. ఎవరైనా చదివితే వింటాను. ఇది ఎవరూ చదివి వినిపించలేదు" అంది.

"మరి పరీక్షలెలా పాసయ్యావు? నీ జవాబులు ఎవరు రాశారు?"

విన్నది ఏదీ మరిచిపోని పిల్లక్కా అది. నా వైపు మొహం కూడా తిప్పకుండా, "గుర్తులేదండి" అంది.

నీకు కూడా అబద్ధం చెప్పలేక మాత్రలు మింగిన పిల్ల, నాకోసం అబద్ధమాడింది. అక్కడ ఇంక కూర్చోలేకపోయాను. లేచి నిలబడి, నేనే రాశానండి, కట్టు దొంగది, ఇంకా అయిదుగురికి ఇలాగే కట్టారు అని మొత్తం చెప్పేశాను. పొట్టి ఏడ్చింది అప్పుడే.

రెండేళ్లు కాదు, ఆరు నెలలు ఆటకి దూరంగా ఉండాలన్నారు. సీటు పోయింది. ఆ మిగతా పిల్లల పరీక్షలూ రద్దయ్యాయి. నా ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది. పెద్ద కోచ్ మీద విచారణ జరుపుతామన్నారు. ఆయన ఈ వారం కొత్త పిల్లల్ని వెతకడానికి ఊళ్ల మీదికి వెళ్లాడు.

మురికినీళ్లు మీ వాకిట్లో పారబోశానని రాశావు. నిజమే కావచ్చు. నా వాకిట్లోనూ పారబోసుకున్నాను. రేపు దాన్ని బస్సెక్కిస్తున్నాను. కోప్పడితే నా మీద కోప్పడు, దాన్ని ఏమీ అనకు.

నీ చెల్లి


ఫిబ్రవరి 6

చెల్లీ,

నీ ఉత్తరం చదవకుండా పక్కన పెడతానని ఎలా అనుకున్నావే? ఎన్నిసార్లు చదివానో. జవాబు రాయడానికే చెయ్యి రాలేదు. నిన్నన్న మాటలు వెనక్కి తీసుకోవడం ఎలాగో నాకు తెలియదు. కొత్త ఉద్యోగం దొరికేదాకా ఇక్కడికి వచ్చి ఉండు. రాకపోతే నేనే వచ్చి లాక్కొస్తాను.

పొట్టి వచ్చిన కొత్తలో నేను దానితో సరిగ్గా మాట్లాడలేదు. కోపం కాదు, సిగ్గు. నా కళ్ల ముందే జరిగింది కదా. ఒకరోజు కరెంటు బిల్లు వస్తే అలవాటు కొద్దీ పైకి చదవబోయాను. "నువ్వు చదవకమ్మా" అని లాక్కుంది. అప్పట్నుంచి ఏ కాగితం వచ్చినా గంటల తరబడి కూడబలుక్కుంటుంది, నేను నోరు మూసుకుని కూర్చోవాలి. నాకెంత కష్టమో నీకు వేరే చెప్పాలా? మాట నాలుక చివరిదాకా వస్తుంది. మింగుతున్నాను.

నిన్న దాని పాత స్కూలు ముందు నుంచి వస్తున్నాం. గేటు మీద ఒక పెద్ద బోర్డు కట్టారు. దాని ఫొటో, చేతిలో ఈటె, కింద పెద్దపెద్ద అక్షరాలు. నవంబర్ పతకం తర్వాత కట్టారట, మాకెవరూ చెప్పలేదు. అది ఆగిపోయింది. నేను చటుక్కున చదివేశాను గానీ పైకి అనలేదు. పళ్లు బిగబట్టుకుని నిలబడ్డాను. సైకిళ్లవాళ్లు మమ్మల్ని తప్పించుకుని పోతున్నారు. అది పెదాలు కదుపుతూ ఒక్కో అక్షరం మీదా వేలు గాల్లో ఆడిస్తూ చివరిదాకా వెళ్లింది. "ఆటలోనూ చదువులోనూ ఈ పాఠశాల తీర్చిదిద్దిన విద్యార్థిని" అని ఉంది.

మళ్లీ మొదటికి రాలేదు చెల్లీ. ఒక్కసారికే చదివింది.

సంతోషంతో దాని చెయ్యి పట్టుకోబోయాను. అది నవ్వలేదు. తిన్నగా లోపలికి నడిచింది, నేను వెనకాలే పరిగెత్తాను. హెడ్‌మిస్ట్రెస్ గారు లేచి వచ్చి దాన్ని కావలించుకున్నారు. మందుల గొడవ గురించి ఆవిడ అడగలేదు, ఇది చెప్పనూ లేదు. "టీచర్ గారూ, ఆ బోర్డు తీయించండి. దాంట్లో రాసింది నిజం కాదు" అంది. ఆవిడ నా వైపు చూశారు. నేను తలదించుకున్నాను. మనిషిని పిలిచి నిచ్చెన తెమ్మన్నారు.

"ఇంకొకటండి. సాయంత్రం మైదానంలో మీ పిల్లలకి విసరడం నేర్పుతాను. పగలు నన్ను చిన్న క్లాసులో కూర్చోనివ్వండి, నాకు చదవడం నేర్పండి."

"ఇంత పెద్ద పిల్లవి, ఆ పసివాళ్ల మధ్య ఎలా కూర్చుంటావమ్మా? నవ్వుతారు."

"నవ్వనివ్వండి టీచర్ గారూ. చదవడం రాని నాకు చప్పట్లు కొట్టినప్పుడు ఎవరూ ఆపలేదుగా" అంది మన పొట్టి.

నీ అక్క